సుంకం సున్నా, ఖర్చు మాత్రం కాదు: వాణిజ్య కూటమిని వీడితే పడే భారం

ఒక దేశం వాణిజ్య కూటమి నుంచి బయటికి వచ్చిందనగానే మనలో చాలామందికి ముందుగా తట్టేది సుంకం. సరిహద్దు దగ్గర కొత్తగా పన్ను పడుతుందని, దానితో సరుకు ధర పెరిగి అమ్మకం పడిపోతుందని అనుకుంటాం. ఐరోపా సమాఖ్యను బ్రిటన్ వీడిన తీరు చూస్తే ఈ లెక్క సరిపోదు. 2020 డిసెంబరు 30న ఇరుపక్షాలు సంతకం చేసిన వాణిజ్య, సహకార ఒప్పందం ప్రకారం, ఆ రెండింటిలో ఎక్కడ తయారైన సరుకుకైనా అవతలి వైపు సుంకం లేదు. ఇంతకు మించి రాకూడదన్న కోటా కూడా లేదు. అయినా బ్రిటన్ ప్రభుత్వానికి ఆర్థిక అంచనాలు తయారుచేసే స్వతంత్ర సంస్థ ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ, కూటమిలో కొనసాగి ఉంటే ఉండే స్థాయితో పోలిస్తే ఆ దేశ ఎగుమతులు, దిగుమతులు దీర్ఘకాలంలో సుమారు 15 శాతం, ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటాయని లెక్క కట్టింది. పన్నే లేనప్పుడు ఇంత నష్టం ఏ దారిన వచ్చిందన్నదే ఇక్కడ విప్పి చూడవలసిన ముడి.

వరంగల్ వ్యాపారికి ఈ ముడి మరీ కొత్తది కాదు. 2014 జూన్ 1 దాకా ఎనుమాముల మార్కెట్ నుంచి గుంటూరుకు వెళ్లిన సరుకు ఒకే రాష్ట్రంలో జరిగిన అమ్మకం. మర్నాటి నుంచి అదే సరుకు, అదే లారీ, కొనేవాడూ పాతవాడే, కానీ లెక్కలో అది అంతర్రాష్ట్ర అమ్మకం అయింది. దానిపై 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను పడింది. ఆ తక్కువ రేటు దక్కాలంటే కొన్నవాడు తన రాష్ట్ర పన్నుల శాఖ నుంచి సీ ఫారం తెచ్చి పంపాలి. అది చేతికి రాకపోతే తేడా అమ్మినవాడి నెత్తిన పడేది. కొత్త సరిహద్దులో చెక్‌పోస్టులు లేచాయి. 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చేదాకా ఆ ఏర్పాటు నడిచింది. రాష్ట్ర ఏర్పాటులోని న్యాయం గురించి ఇక్కడ చర్చ లేదు; అలాంటి నిర్ణయాలు ఖర్చు కాగితాలతో తేలేవీ కావు. గమనించవలసింది, అక్కడ గీత పడింది పన్ను ఖాతాలో మాత్రమేనన్న సంగతి. రెండు వైపులా సుప్రీంకోర్టు ఒకటే, ఆహార భద్రతా చట్టం ఒకటే, విత్తన చట్టం ఒకటే; హన్మకొండ కుర్రాడు విజయవాడలో ఉద్యోగంలో చేరడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అంత పలుచని గీతకే మూడేళ్లపాటు అంత కాగితం నడిచింది. బ్రిటన్‌కు నాణెం మొదటి నుంచీ వేరే అయినా, పై వరుసలో చెప్పినవన్నీ ఆ దేశానికి 2020 డిసెంబరు 31 రాత్రి ఒక్కసారిగా తెగిపోయాయి.

కూటమి అంటే ఏమిటి, బయట అంటే ఎక్కడ

వాణిజ్య కూటములన్నీ ఒక రకం కావు. అన్నిటికంటే వదులైనది స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం. అందులోని దేశాలు ఒకరి సరుకుపై ఒకరు సుంకం తీసేస్తాయి. బయటి దేశాల సరుకుపై ఎవరి సుంకం వారిది. దానికంటే బిగువైనది కస్టమ్స్ యూనియన్. అక్కడ బయటి సరుకుపై కూడా అందరిదీ ఒకే సుంకం కాబట్టి, ఒక రేవులో పన్ను కట్టి లోపలికి వచ్చిన సరుకును ఆ పైన ఎవరూ ఆపి అడగరు. సింగిల్ మార్కెట్ ఇంకా లోతైనది. అందులో సరుకుతో పాటు సేవలు, పెట్టుబడి, మనుషులు కూడా అడ్డం లేకుండా కదులుతారు. ప్రమాణాలు అందరివీ ఒకటిగా ఉంటాయి, లేదా ఒకరి ప్రమాణాన్ని మరొకరు ఒప్పుకుంటారు. ఫ్రాన్స్‌లో తయారైన ఒక మద్యాన్ని జర్మనీ అడ్డుకున్న కేసులో 1979లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ చివరి మాటకు పునాది: ఒక సభ్య దేశంలో చట్టబద్ధంగా అమ్ముడయ్యే సరుకును మరో సభ్య దేశం తగిన కారణం చూపకుండా ఆపరాదు. ఆ తర్వాత 1985లో, ఇలాంటి అడ్డంకులు తొలగించడానికి సుమారు 300 చర్యల జాబితా కట్టి, 1992 చివరికల్లా పని ముగించాలని ప్రణాళిక రాసినవాడు ఐరోపా కమిషన్‌లోని బ్రిటిష్ సభ్యుడు ఆర్థర్ కాక్‌ఫీల్డ్. ఆయనను అక్కడికి పంపింది మార్గరెట్ థాచర్ ప్రభుత్వం. ఆ అడ్డంకులు ఏమిటో, వాటి వల్ల వ్యాపారానికి ఎంత చేటో ఐరోపాలో అందరికంటే గట్టిగా వాదించిన దేశమే ముప్పై ఏళ్ల తర్వాత వాటిని తన చుట్టూ తిరిగి కట్టుకోవడం ఈ కథలో నాకు అన్నిటికంటే వింతగా తోచే విషయం.

1973లో చేరిన బ్రిటన్‌లో 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది బయటికి వెళ్లాలన్నారు. 2020 జనవరి 31న సభ్యత్వం ముగిసింది; ఆ ఏడాది చివరి దాకా పాత నిబంధనలే నడిచాయి. 2021 జనవరి 1 నుంచి ఆ దేశం సింగిల్ మార్కెట్‌లోనూ లేదు, కస్టమ్స్ యూనియన్‌లోనూ లేదు. వదులైన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఒక్కటే మిగిలింది.

సున్నా సుంకానికి ఒక షరతు ఉంది. సరుకు నిజంగా బ్రిటన్‌లోనో ఐరోపా సమాఖ్యలోనో తయారైందని అమ్మేవాడు రుజువు చూపాలి. వరంగల్ కొత్తవాడలో నేసిన దర్రీని లండన్ గోదాములో ఉంచి పారిస్ దుకాణానికి పంపే వ్యాపారిని ఊహించండి. 2020 దాకా బ్రిటిష్ రేవులో ఒకసారి పన్ను కడితే చాలు, అక్కడి నుంచి పారిస్‌కు పోవడం వరంగల్ నుంచి నిజామాబాద్‌కు పోవడంతో సమానం. ఆ తర్వాత, దర్రీ పుట్టింది బ్రిటన్‌లో కాదు కాబట్టి సున్నా సుంకం దానికి వర్తించదు. ఫ్రాన్స్‌లో మళ్లీ దిగుమతి సుంకం కట్టాలి. మన సరుకు సంగతి అలా ఉంచితే, జర్మనీలో తయారై బ్రిటన్ గోదాముకు వచ్చిన మిఠాయిలను ఐర్లండ్ దుకాణాలకు పంపితే కూడా సుంకం మీద పడుతోందని 2021 జనవరిలోనే ఒక పెద్ద బ్రిటిష్ దుకాణాల సంస్థ చెప్పుకుంది. జర్మనీ, ఐర్లండ్ రెండూ కూటమిలోనివే. మధ్యలో బ్రిటన్ గోదాములో దిగినందుకే ఆ మిఠాయిల హోదా పోయింది. బ్రిటన్‌ను ఐరోపా మొత్తానికి సరుకు పంచే కేంద్రంగా వాడుకున్న సంస్థలు నెదర్లాండ్స్ వంటి చోట్ల రెండో గోదాము తెరవవలసి రావడానికి కారణం ఇదే. విడిభాగాలు పది దేశాల నుంచి వచ్చే కార్ల వంటి సరుకుకు ఈ రుజువు మరీ కష్టం. విద్యుత్ కార్ల బ్యాటరీలకు 2024 నుంచి కఠినం కావలసిన నిబంధనను, రెండు వైపుల కంపెనీలూ అందుకోలేమని చెప్పడంతో, 2026 చివరి దాకా వాయిదా వేయక తప్పలేదు. రుజువులు కూడగట్టే ఖర్చు కంటే సుంకం కట్టేయడమే చౌక అనుకుని కట్టేసేవారూ ఉన్నారు. ఒప్పందం మీద రాసిన సున్నాకూ వ్యాపారి ఖాతాలోని సున్నాకూ తేడా వచ్చేది ఇక్కడే.

ఇక కస్టమ్స్ కాగితాలు. ఐరోపాతో వ్యాపారానికి ఏడాదికి అదనంగా 21.5 కోట్ల కస్టమ్స్ ప్రకటనలు దాఖలు చేయవలసి వస్తుందని, బ్రిటిష్ వ్యాపారాలకు దాని ఖర్చు ఏటా 750 కోట్ల పౌండ్లు ఉంటుందని ఆ దేశ పన్నుల శాఖ 2019లో అంచనా వేసింది. దీని పక్కన మరో అంకె పెట్టి చూడాలి. కూటమికి బ్రిటన్ కట్టే చందాలో తిరిగి వచ్చేది పోగా నికరంగా పడే భారం ఏటా సుమారు 900 కోట్ల పౌండ్లు ఉండేది. ఓటుకు ముందు వీడాలన్నవారి ప్రచారంలో బస్సు మీద రాసి తిప్పిన వారానికి 35 కోట్ల పౌండ్ల అంకె ఈ మినహాయింపులేవీ చూపనిది. ఆ దేశ గణాంక ప్రాధికార సంస్థే దాన్ని తప్పుబట్టింది. చందా రూపంలో ప్రభుత్వానికి మిగిలిన సొమ్ముకు దరిదాపుల్లోకి వచ్చే ఖర్చు ఒక్క కస్టమ్స్ కాగితాల రూపంలోనే వ్యాపారుల మీదికి మళ్లిందన్నమాట. మొదటిది బడ్జెట్‌లో కనబడుతుంది. రెండోది లక్ష దుకాణాల చిట్టాల్లో చెదిరిపోయి ఉంటుంది కాబట్టి ఎన్నికల సభలో దాన్ని ఎవరూ చూపలేరు. విడిపోయేటప్పుడు కట్టడానికి ఒప్పుకున్న 3,500 నుంచి 3,900 కోట్ల పౌండ్ల పరిష్కార మొత్తాన్ని కొందరు పెద్ద నష్టంగా చెబుతారు గానీ, అందులో అధిక భాగం సభ్యత్వ కాలంలో ఒప్పుకున్న బాకీలే. లోపల ఉన్నా కట్టవలసినవే కనుక దాన్ని వీడిన ఖర్చుగా చూడటం సరికాదని నా అభిప్రాయం.

విత్తనం మారలేదు, చెల్లుబాటు పోయింది

నియంత్రణల భారం ఎలాంటిదో చెప్పడానికి స్కాట్లండ్ విత్తన బంగాళాదుంపను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. హుజూరాబాద్, జమ్మికుంట చుట్టుపక్కల హైబ్రిడ్ వరి విత్తనం పండించే రైతులకు ఇది చదవగానే అర్థమవుతుంది. చల్లని వాతావరణం వల్ల చీడపీడలు తక్కువగా ఉండే స్కాట్లండ్ నేల మీద పండిన విత్తన దుంపలకు ఐరోపాలో మంచి పేరుండేది. 2021 జనవరి 1 నుంచి వాటిని ఐరోపా సమాఖ్యకు పంపడం నిషిద్ధమైంది. ఆ రాత్రికి దుంప మారలేదు, నేల మారలేదు, బ్రిటన్ విత్తన చట్టంలోని వాక్యాలు కూడా మారలేదు. అవి ఐరోపా చట్టం నుంచి యథాతథంగా దించుకున్నవే. అయితే రేపు ఐరోపా తన నిబంధన మార్చితే బ్రిటన్ కూడా వెంటనే మార్చుకుంటుందన్న హామీ లేదు. ఆ హామీ ఇస్తే బయటికి వచ్చిన ప్రయోజనమేమిటని బ్రిటన్ ఇవ్వలేదు; అది లేకుండా సమాన హోదా ఇవ్వబోమని ఐరోపా అంది. మధ్యలో రైతు మార్కెట్ పోయింది. ఉత్తర ఐర్లండ్ ఐరోపా నిబంధనల కిందే ఉండిపోవడంతో, సొంత దేశంలోని ఆ ప్రాంతానికి కూడా కొన్నాళ్లు ఆ దుంపలు పంపడానికి వీల్లేకపోయింది.

మాంసం, చేపలు, పాల సరుకుల విషయంలో పూర్తి నిషేధం లేకపోయినా ప్రతి సరుకుకూ అధికారిక పశువైద్యుడి లేదా అధీకృత అధికారి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఒక లారీలో ఒకే కంపెనీ జున్ను నిండుగా ఉంటే ఒక పత్రం చాలు; అదే లారీలో పది మంది చిన్న ఉత్పత్తిదారుల సరుకు కలిపి వేస్తే ఎవరి పత్రం వారిదే. అందులో ఒకదానిలో తప్పు దొర్లితే లారీ మొత్తం రేవులో నిలబడుతుంది. కాబట్టి రవాణాదారులు కలిపి వేసుకోవడానికి జంకుతారు. పది టన్నులకైనా పది కిలోలకైనా పత్రం ఖర్చు దాదాపు ఒకటే కావడంతో, పెద్ద కంపెనీ దాన్ని ధరలో సర్దుకుంటుంది, చిన్నవాడు ఎగుమతే మానుకుంటాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 2024 చివర వెలువరించిన అధ్యయనంలో తేలిందీ ఇదే. ఐరోపాకు సరుకు పంపే బ్రిటిష్ సంస్థల్లో సుమారు 16,400 పూర్తిగా విరమించుకున్నాయి. 2022లో బ్రిటన్ మొత్తం సరుకుల ఎగుమతి 6.4 శాతం, అంటే 2,700 కోట్ల పౌండ్ల మేర తగ్గింది. పెద్ద సంస్థలు మాత్రం మొత్తం మీద నిలదొక్కుకున్నాయి.

బయటికి వచ్చిన దేశానికి మరో రకం ఖర్చు కూడా ఉంది. ఇన్నాళ్లూ కూటమి అందరి తరఫున చేసిన పనిని ఇక సొంతంగా చేసుకోవాలి. మందుల అనుమతి, రసాయనాల నమోదు, ఆహార పరీక్ష, పోటీ నియంత్రణ, ఒక్కొక్కదానికి సిబ్బంది, ప్రయోగశాల, కంప్యూటర్ వ్యవస్థ కావాలి. ఐరోపా మందుల సంస్థ సుమారు 900 మంది ఉద్యోగులతో లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు 2019లో తరలిపోయింది. బ్యాంకింగ్ నియంత్రణ సంస్థ పారిస్ చేరింది. మందుల సంస్థ వెళ్తూ వెళ్తూ, బ్రిటన్ కూటమిని వీడింది కాబట్టి 2039 దాకా ఉన్న తన లండన్ కార్యాలయం లీజు రద్దయినట్టేనని వాదించింది. సుమారు 50 కోట్ల పౌండ్ల అద్దె ముడిపడిన ఆ కేసులో 2019 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. విడిపోవడం అనేది ఏ అద్దె పత్రంలోనూ రాసి ఉండదు. అలాంటి ఒప్పందాలు ఎన్ని వేలున్నాయో అన్నిచోట్లా ఆ ప్రశ్న లేస్తుంది.

రసాయనాల సంగతి మరీ చిత్రంగా తయారైంది. ఐరోపాలో ఇరవై వేలకు పైగా రసాయనాల భద్రతా సమాచారం ఒకే చోట నమోదై ఉంది; ఆ పరీక్షల ఫలితాలు వాటికి డబ్బు పెట్టిన కంపెనీల బృందాల సొత్తు. బ్రిటన్ తన సొంత నమోదు విధానం ప్రకటించగానే, అవే రసాయనాలకు అదే సమాచారాన్ని మళ్లీ కొనుక్కుని మళ్లీ దాఖలు చేయవలసి వచ్చింది. ఖర్చు వంద కోట్ల పౌండ్లు దాటుతుందని తేలడంతో గడువులు ఒకటికి రెండుసార్లు వెనక్కి జరిగాయి. సరుకు ఐరోపా నిబంధనలకు తగినట్టుందని తయారీదారు వేసే సీఈ గుర్తు స్థానంలో బ్రిటన్ తన సొంత యూకేసీఏ గుర్తును తెచ్చింది. తయారీదారులు ఒకే వస్తువుకు రెండు పరీక్షలు చేయించడానికి మొగ్గు చూపకపోవడంతో, చాలా రకాల సరుకులకు సీఈ గుర్తునే గడువు లేకుండా ఒప్పుకుంటామని 2023 ఆగస్టులో ప్రకటించింది. ఐరోపా నుంచి వారసత్వంగా మిగిలిన సుమారు 4,000 చట్టాలను, ప్రత్యేకంగా నిలుపుకున్నవి తప్ప, 2023 చివరికల్లా రద్దు చేస్తామన్న బిల్లు కూడా మధ్యలోనే కుదించుకుపోయి సుమారు 600 దగ్గర ఆగింది. వాటిలో చాలావాటిని ఎవరూ కావాలని కోరుకోకపోయినా, తీసేస్తే ఏ పరిశ్రమ ఎక్కడ చిక్కుకుంటుందో చదివి చెప్పేవారు కావాలి. ఆ చదవడమే ఒక ఖర్చు. మన పునర్విభజన చట్టం పాత చట్టాలను తెలంగాణకు అన్వయించుకోవడానికి రెండేళ్ల గడువిచ్చింది. ఆ పని సాఫీగానే సాగినా, తొమ్మిది, పది షెడ్యూళ్లలోని ఉమ్మడి సంస్థల పంపకం మాత్రం పదేళ్లు దాటినా పూర్తిగా తెగలేదు. చట్టం నకలు రాసుకోవడం తేలిక, సంస్థను రెండు చేయడం కష్టం అన్న సంగతి రెండు చోట్లా ఒకే తీరుగా కనబడింది.

తన వైపు సరిహద్దులో కూడా బ్రిటన్ ఇదే తంటా పడింది. ఐరోపా తన తనిఖీలను మొదటి రోజే మొదలుపెడితే, అటు నుంచి వచ్చే ఆహారంపై బ్రిటన్ పెట్టవలసిన తనిఖీలు ఐదుసార్లు వాయిదా పడ్డాయి. చివరికి 2024 జనవరి 31న ధ్రువపత్రాలు, ఏప్రిల్ 30న భౌతిక తనిఖీలు మొదలయ్యాయి. అప్పటి నుంచి డోవర్ రేవు, యూరోటన్నెల్ దారుల్లో వచ్చే సరుకుపై ఒక్కో రకానికి 29 పౌండ్ల వరకు, ఒక రవాణాకు గరిష్ఠంగా 145 పౌండ్ల రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. ధరలు అప్పటికే మండిపోతున్న దేశంలో తన తిండి మీద తానే కొత్త ఖర్చు పెట్టుకోవడానికి ఏ ప్రభుత్వమైనా వెనకాడుతుంది. వెనకాడినంత కాలం మాత్రం సొంత రైతుకు ఒక నిబంధన, అవతలి రైతుకు ఒక నిబంధన అయింది.

ఉత్తర ఐర్లండ్ విషయంలో గీత ఎక్కడ గీయాలన్నదే తేలలేదు. 1998 శాంతి ఒప్పందం తర్వాత రెండు ఐర్లండ్‌ల మధ్య భూ సరిహద్దులో తనిఖీలు పెట్టడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అలాగని రెండు వేర్వేరు నియంత్రణ వ్యవస్థల మధ్య తనిఖీ లేకుండా కుదరదు. దానితో ఆ గీత సముద్రంలోకి, అంటే ఒకే దేశంలోని రెండు భాగాల మధ్యకు జరిగింది. 2023 విండ్సర్ ఒడంబడిక ప్రకారం అక్కడే వాడుకునే సరుకుకు సులభమైన ఆకుపచ్చ దారి, ఐరోపాకు పోయే అవకాశమున్న సరుకుకు పూర్తి తనిఖీల ఎర్ర దారి ఏర్పడ్డాయి. రాజకీయ సర్దుబాటుగా ఇది తెలివైనదే, కానీ ఆకుపచ్చ దారికి కూడా నమోదు, లేబుళ్లు తప్పలేదు.

నాలుగు శాతం అంటే ఏమిటి

మొదట చెప్పిన 4 శాతాన్ని చాలామంది బ్రిటన్ ఆదాయం అంత పడిపోయిందని చదువుతారు. అది సరికాదు. జరిగినదాన్ని, జరగని ఒక ఊహతో పోల్చి చెప్పిన అంకె అది. అదీ ఒక్క ఏడాదిలో పడేది కాదు, పదిహేనేళ్లలో క్రమంగా పేరుకునేది. 2020లో కోవిడ్, 2022లో ఉక్రెయిన్ యుద్ధం మధ్యలో పడటంతో ఏ నష్టం దేని వల్ల అన్నది విడదీయడం తేలిక కాదు. అందుకే ఈ అంకెను ఎక్కువన్నవారూ ఉన్నారు, తక్కువన్నవారూ ఉన్నారు. అయితే ఆ అంచనాలో ఒక వివరం తప్పక గుర్తుంచుకోదగినది. మొత్తం నష్టంలో దాదాపు ఐదింట రెండు వంతులు కొత్త ఒప్పందం అమలుకు ముందే జరిగిపోయిందని ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ చెప్పింది. ఓటు ముగిసిన రాత్రే పౌండు విలువ కుంగింది, దిగుమతుల ధర పెరిగింది. ఆ తర్వాత నాలుగున్నరేళ్లు ఏ నిబంధనలు వస్తాయో తెలియక కంపెనీలు యంత్రాలు కొనడం, ఫ్యాక్టరీలు విస్తరించడం ఆపుకున్నాయి. ఏ కాగితం రాకముందే, ఏ లారీ ఆగకముందే, కేవలం తెలియకపోవడానికి పడిన వెల అది.

అటు వైపు లాభాలు కూడా లెక్కలో వేయాలి. సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ అంచనాల ప్రకారమే ఆస్ట్రేలియా ఒప్పందం దీర్ఘకాలంలో దేశ ఆదాయాన్ని 0.08 శాతం, న్యూజిలాండ్ ఒప్పందం 0.03 శాతం పెంచుతాయి. 2025 జులై 24న భారత్‌తో సంతకమైన ఒప్పందం 0.13 శాతం, అంటే ఏటా 480 కోట్ల పౌండ్లు తెస్తుందంటారు. ఇలాంటివన్నీ కలిపినా అర శాతానికి రావడం కష్టం. పొరుగు మార్కెట్‌ను దూరపు మార్కెట్ భర్తీ చేయలేదన్నది వాణిజ్య శాస్త్రంలో చాలాకాలంగా రుజువైన సూత్రం. ఓటు నాటికి బ్రిటన్ ఎగుమతుల్లో పదింట నాలుగు పాళ్లకు పైగా ఐరోపాకే పోయేవి. జన్యు సవరణ పంటలకు 2023లో ఐరోపా కంటే ముందే చట్టం చేసుకోగలిగింది. అమెరికా 2025లో సుంకాలు విధించినప్పుడు ఐరోపాకు 15 శాతం పడితే బ్రిటన్‌కు 10 శాతమే పడింది. ఇది బయట ఉన్నందువల్ల దక్కిన నిజమైన లాభమే. సేవల ఎగుమతి కూడా చాలామంది భయపడినంతగా దెబ్బతినలేదు. లండన్‌లోని బ్యాంకులకు ఐరోపా అంతటా పనిచేసే హక్కు పోవడంతో 2021 జనవరిలో రోజువారీ షేర్ల వ్యాపారంలో ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ను దాటేసింది గానీ, లాయర్లు, కన్సల్టెంట్లు, సాఫ్ట్‌వేర్ సంస్థల పని ప్రపంచమంతటా పెరిగింది.

మనుషుల రాకపోకల విషయంలో జరిగింది మన ఊళ్లకు నేరుగా తగిలింది. ఐరోపా విద్యార్థులు 2021 నుంచి విదేశీ ఫీజు కట్టవలసి రావడంతో బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో వారి కొత్త చేరికలు సగానికి పైగా పడిపోయాయి. అదే ఏడాది జులైలో చదువు తర్వాత రెండేళ్లు ఉండే గ్రాడ్యుయేట్ వీసా తెరుచుకుంది. 2022కల్లా విద్యార్థి వీసాల్లో భారతీయులు చైనా వారిని దాటారు. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ కన్సల్టెన్సీల బోర్డుల మీద లండన్ పేరు అమెరికా పక్కన చేరింది. వలసలు తగ్గుతాయని ఓటేసిన దేశంలో నికర వలస 2023 నాటికి తొమ్మిది లక్షలు దాటింది. ఆ తర్వాత తలుపు మూయడం మొదలై, 2024 జనవరి నుంచి చాలా కోర్సుల విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలు పోయింది. పొరుగు దేశాలతో హక్కుగా ఉన్నది, మనలాంటి దూరపువారితో ఎప్పుడైనా మార్చగల అనుమతిగా మారింది.

చేరకపోవడం, చేరి వీడటం

మన దేశంలో ఈ చర్చ వచ్చినప్పుడు 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆసియా, పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమి ఆర్‌సెప్ చర్చల నుంచి భారత్ వైదొలగడాన్ని బ్రిటన్ పక్కన పెట్టి మాట్లాడుతుంటారు. ఆ రెండూ ఒక కోవకు చెందవు. ఆర్‌సెప్ 2022 జనవరి 1న గానీ అమల్లోకి రాలేదు. మన కంపెనీలు ఆ నిబంధనలను నమ్ముకుని ఫ్యాక్టరీలు కట్టలేదు, మన నియంత్రణ సంస్థలు పని వదులుకోలేదు. దానికి దూరంగా ఉండటం వల్ల పోయింది రాగల అవకాశం. పాడి రైతుకు, చిన్న పరిశ్రమకు మేలు జరిగిందా లేదా అని దాని మీద వాదించవచ్చు. నలభై ఏడేళ్లు లోపల ఉన్న దేశానికి ఆ కాలంలో అల్లుకున్న ప్రతి పోగునూ విప్పవలసి వస్తుంది. 1985 ఫిబ్రవరి 1న ఐరోపా కూటమిని వీడిన గ్రీన్‌లాండ్‌లో జనాభా సుమారు యాభై వేలు, పేచీ ప్రధానంగా చేపల గురించి. అయినా 1982 ఓటు నుంచి తెగదెంపులకు మూడేళ్లు పట్టింది. 2025 జనవరిలో మాలి, నైజర్, బుర్కినా ఫాసో పశ్చిమాఫ్రికా కూటమి ఎకోవాస్‌ను వీడాయి. ఆ రోజే కూటమి ఆ మూడు దేశాల పౌరుల రాకపోకలను, సరుకుల గుర్తింపును యథాతథంగా కొనసాగించమని సభ్యులను కోరింది.

వీడిన దేశం వల్ల బయటివారికి పడే ఖర్చు గురించి తక్కువగా మాట్లాడతారు. మిర్చి ఎగుమతిదారుకు 2020 దాకా ఐరోపా అంటే ఒకే నిబంధన పుస్తకం. మిర్చిలో బూజు వల్ల చేరే విషం అఫ్లటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించరాదన్న హద్దు లండన్‌కైనా హాంబర్గ్‌కైనా ఒకటే. ఒక రేవులో నెగ్గిన లాట్ అన్నిచోట్లా నెగ్గినట్టే. ఆ తర్వాత రెండు సంస్థలు, రెండు తనిఖీ జాబితాలు అయ్యాయి. 2024లో భారతీయ మసాలాల్లో క్రిములను చంపడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ అనే రసాయనం గురించి గొడవ రేగినప్పుడు బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ మన దేశపు మసాలాలన్నిటిపై తన సొంత నియంత్రణలు బిగించింది. ఐరోపా సమాఖ్య తనిఖీలు వాటి దారిన అవి నడిచాయి. మన ప్రభుత్వం కూడా ఐరోపాతో ఒక బేరం, బ్రిటన్‌తో మరో బేరం వేర్వేరుగా ఆడవలసి వచ్చింది. భారత్‌తో కొత్త ఒప్పందం సుంకాలను తీసేస్తుంది గానీ, ఈ పరీక్షల హద్దులను ముట్టుకోదు.

ఆ రెండు పుస్తకాలూ మళ్లీ ఒకటయ్యే సూచన కనబడింది మాత్రం 2025 మే 19న, లండన్‌లో జరిగిన బ్రిటన్, ఐరోపా సమాఖ్య శిఖరాగ్ర సమావేశంలో. ఆహారం, మొక్కలు, పశువుల ఉత్పత్తులకు ఉమ్మడి ప్రాంతం ఏర్పాటు చేసుకునే దిశగా పనిచేయాలని రెండూ ఒప్పుకున్నాయి. చేపల వేటకు ఐరోపా పడవలకు బ్రిటన్ జలాల్లో ఉన్న అనుమతి 2038 దాకా పొడిగింది. ఆ ఉమ్మడి ప్రాంతం ఏర్పడితే విత్తన దుంపల మీది నిషేధానికీ, పశువైద్యుల సంతకాలకూ, రేవుల్లోని 29 పౌండ్ల రుసుముకూ చాలావరకు కారణం ఉండదు. అందుకు బదులుగా ఐరోపా ఈ రంగంలో నిబంధన మార్చినప్పుడల్లా బ్రిటన్ మార్చుకుంటూ పోవాలి. ఆ చట్టం అర్థంపై తుది మాట ఐరోపా న్యాయస్థానానిది. నిబంధనలు రాసేటప్పుడు సంప్రదింపుల్లో బ్రిటన్‌కు చోటు ఉంటుంది, ఓటు ఉండదు. ఆ వ్యవస్థ నడపడానికి తన వంతు డబ్బు కూడా కట్టాలి.